తాతగారి తుపాకీకి కొబ్బరినూనె

విజయదశమినాడు కోనసీమలో ఒక మండువా ఇంట్లో ఆయుధపూజ చూశాను. కొడవళ్లు, గునపం, ట్రాక్టరు తాళాలు, వాటి పక్కన తెల్ల తుండుగుడ్డ మీద లైసెన్సున్న జోడు గొట్టాల తుపాకీ. గొట్టం మీద పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు పెట్టారు. "మా నాన్నగారి కాలం నుంచీ ఇంతేనండి" అన్నారు పెద్దాయన. ఆ సంగతి గొట్టమే చెబుతోంది. నల్లటి ఉక్కు మీద సరిగ్గా బొట్టంత తుప్పు మచ్చలు మూడు, వేలు పెడితే గరగరమంటున్నాయి. తడి పసుపు ఆరేలోగా ఇనుముని కొరుకుతుంది. బొట్టు పీటకి పెడితే అమ్మవారేం అనుకోదు.

"తుప్పంటారేంటండీ, నెలనెలా కొబ్బరినూనె పోస్తుంటేను!"

బాగా పాతుకుపోయిన అపోహ ఇది. సంక్రాంతి ముందు చలికి సీసాలో నూనె గడ్డకట్టడం అందరూ చూసేదే. 24 డిగ్రీల దిగువకి వస్తే అది పేరుకుంటుంది. తుపాకీ లోపల స్ప్రింగుల సందుల్లోనూ అంతే. ఏళ్లు గడిస్తే బంకవుతుంది, దుమ్ము పట్టుకుంటుంది, సుత్తి మందంగా పడుతుంది. ఆముదం మరీ అన్యాయం. కావలసింది పలచటి ఖనిజ నూనె రెండు చుక్కలు, పొడిగుడ్డతో ఒక తుడుపు. గన్ ఆయిల్ అందుబాటులో లేకపోతే కుట్టుమిషను నూనే నయం. ఇక తోలు సంచి: భద్రమనుకుని అందులోనే ఉంచేస్తారు. సముద్రపు తేమని తోలు పీల్చుకుని తుపాకీకి అప్పజెబుతుంది. సంచి ప్రయాణానికి మాత్రమే.

ఆ ఇంటి కుర్రాడికి వేరే కోరిక. గొట్టం కాస్త కోయిస్తే పొందికగా ఉంటుందని, దెబ్బ కూడా పెరుగుతుందని. సినిమాల పుణ్యం. దెబ్బ పెరగదు సరికదా, గుండ్లు ఎక్కువగా చెదరకుండా పట్టి పంపే సన్నటి నొక్కు ఉండేది గొట్టం మూతి దగ్గరే. ముందు పోయేది అదే. ఆయుధాల చట్టం 1959లో 6వ సెక్షను లైసెన్సు లేకుండా గొట్టం పొట్టి చేయడాన్ని నిషేధించింది. 2019 సవరణ తర్వాత ఆ నేరానికి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. బొమ్మ తుపాకీని నిజం తుపాకీగా మార్చినా అదే సెక్షను.

మనిషికి తగ్గట్టు మార్చుకోవడానికి ఏమీ లేదా అంటే, ఉంది. అది కర్రలో ఉంది. భుజానికి ఆనే వెనక కర్ర పొడవు, వంపు మన చేతికీ మెడకీ కుదరాలి. పొడుగుచేతుల దొర కొలతకి చేసిన తుపాకీ మనవాళ్ల చంకలో చిక్కుకుంటుంది, దవడకి తగులుతుంది. పనివాడు మనల్ని నిలబెట్టి, తుపాకీ ఎత్తించి, చూసి, అర అంగుళమో ముప్పావో తీస్తాడు. విరిగితే మాత్రం టేకు పెట్టమనకండి. మనకి అన్నిటికీ టేకే కదా! దానిలోని సహజమైన నూనె జిగురుని సరిగా పట్టనివ్వదు. దీనికి పేరుపడింది అక్రోటు కర్ర.

"మన లేతు మిషనాయన ఇంజిన్లే విప్పి బిగిస్తాడు, ఇదెంత?" అన్న మాటా విన్నాను. ఆయన పనితనాన్ని శంకించడం లేదు. కానీ తుపాకీ మరమ్మతుకి 5వ సెక్షను కింద విడిగా లైసెన్సుండాలి. అర్హత ఉందో లేదో కనుక్కోకుండా తుపాకీ చేతికివ్వడం యజమాని నేరం. లైసెన్సున్నవాళ్లలోనూ మంచివాడిని ఎలా పోల్చుకోవాలి? నేను చూసేవి అతని చేతులు. తుపాకీ అందుకోగానే మూతి ఎవరి వైపూ లేకుండా మడిచి, ఖాళీగా ఉందని కళ్లారా చూస్తాడు. వెలుతురుకి పెట్టి గొట్టంలోకి వెనకనుంచి చూస్తాడు. స్క్రూ గాడికి అతికినట్టు కూర్చునే స్క్రూడ్రైవరే తీస్తాడు. పాత పని ఏదైనా చూపించమనండి: స్క్రూ తలలు చెదిరిపోయి ఉంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. రసీదు మీద తుపాకీ నంబరు రాయనివాడూ వద్దు.

తూటా గదిలోకి దిగితే సరిపోయినట్టే అన్నది అన్నిటికన్నా ప్రమాదం. 12 బోరంటే 12 మిల్లీమీటర్లు కాదు. ఒక పౌను సీసంతో 12 సమాన గుండ్లు పోస్తే ఒక్కో గుండు వెడల్పు, అంటే దాదాపు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. వెడల్పు సరిపోయినా పొడవు తేడా రావచ్చు. పాత ఇంగ్లీషు తుపాకుల్లో చాలావాటికి గది 65 మిల్లీమీటర్లే. 70 తూటా మూతి మడత వల్ల పొట్టిగా ఉండి సుఖంగా దిగుతుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. తగిన తూటా విలువ మనవాళ్లకి కొత్త కాదు. మన్యం తిరుగుబాటంటే విల్లంబులే అనుకుంటాం గానీ, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి అల్లూరి సీతారామరాజు దళం తీసుకెళ్లింది 26 తుపాకులు, వాటితోపాటు రెండు వేలకు పైగా తూటాలు. తగిన తూటా లేని తుపాకీ దుడ్డుకర్రే అని వాళ్లకి ఒకరు చెప్పాలా?

ఎన్నికలప్పుడు జమచేసి తెచ్చుకున్న తుపాకీని నేరుగా వాడకూడదు. తెలిసినవారి తుపాకీ ఒకటి అలా తిరిగొస్తే, గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టి ఉంది. అడ్డం ఉండగా పేలిస్తే చిట్లేది గొట్టమే.

చివరికి పెద్దాయన తుపాకీని లైసెన్సున్న దుకాణానికి తీసుకెళ్లాం. అక్కడి పనివాడు గొట్టాలు విడదీసి, అడుగున ఉన్న పరీక్ష ముద్రలు భూతద్దంతో చదివి, "వీటికి పాతకాలపు నల్ల తుపాకీమందు తూటాలేనండి, ఇప్పటివి పనికిరావు. పేల్చకండి" అన్నాడు. కోస్తాననో, కొత్త రంగేస్తాననో చెప్పి డబ్బు పుచ్చుకోగలిగేవాడే, ఆ పని చేయలేదు. పేల్చనప్పుడు లైసెన్సెందుకని కుర్రాడి అనుమానం. 45వ సెక్షను మినహాయింపు, మరమ్మతు చేసినా పేలని తుపాకీకే. ఇది పేలుతుంది, అదే భయం. తాత పోతే మనవడికి లైసెన్సు దానంతట అది రాదని, దరఖాస్తు పెట్టుకోవాలని కూడా అప్పుడే తెలిసింది.

తిరిగొచ్చేటప్పుడు పెద్దాయన అడిగారు, వచ్చే దసరాకి బొట్టు ఎక్కడ పెట్టాలని. ఇక ఇంట్లో ఖాళీగా ఉండే తోలు సంచి ఉంది కదండీ, దానికి పెట్టమన్నాను.