రాజ్యాంగం రాసిందెవరని అడిగే ముందు

నవంబరు 26 వచ్చిందంటే ఒక వాట్సాప్ సందేశం మళ్లీ ఊరేగుతుంది: రాజ్యాంగం రాసింది బి.ఎన్. రావు, అంబేడ్కర్ సంతకం పెట్టాడంతే అని. దీన్ని నమ్మిన పిల్లలు బళ్లో తోటి దళిత విద్యార్థిని చిన్నబుచ్చుతుంటే, చదువుకున్న పెద్దలు ఒక్క పేజీ తిరగేయకుండా ఇంకో పదిమందికి పంపుతున్నారు. ఇది చరిత్ర మీద మమకారంతో చేసే పని కాదు.

బెనెగళ్ నర్సింగ రావు రాజ్యాంగ సభకు సలహాదారు. సభ్యుడు కాదు, ఓటు లేదు. 1947 అక్టోబరులో ఆయన 243 అధికరణలతో తొలి ముసాయిదా తయారుచేశారు. గొప్ప పనే, దాన్ని దాచిందెవరు? అంబేడ్కర్ అధ్యక్షుడిగా 1947 ఆగస్టు 29న ఏర్పడ్డ ముసాయిదా కమిటీ దాన్ని ఆధారం చేసుకుని, తిరగరాసి, 1948 ఫిబ్రవరిలో 315 అధికరణలతో కొత్త ముసాయిదా ఇచ్చింది. సభ చర్చించి ఆమోదించేసరికి అవి 395 అయ్యాయి. మధ్యలో సభ్యులు ఇచ్చిన సవరణలు 7,600 పైచిలుకు; సభలో ప్రతిపాదించినవి 2,473. ఏది తీసుకుంటారో, ఏది ఎందుకు కాదంటారో సభకు చెప్పుకోవాల్సిన భారం ప్రధానంగా అంబేడ్కర్‌దే. మధుమేహంతో, కుంగిన ఆరోగ్యంతో ఆయన ఆ భారం మోశారు.

కమిటీలో మిగతావాళ్లు లేరా? ఉన్నారు. మన నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ వంటి ఉద్దండులున్నారు. కానీ తర్వాత అదే కమిటీలో సభ్యుడైన టి.టి. కృష్ణమాచారి 1948 నవంబరు 5న సభలోనే చెప్పారు: ఒకరు రాజీనామా చేశారు, ఒకరు మరణించారు, ఒకరు అమెరికాలో ఉన్నారు, చివరికి పని అంబేడ్కర్ మీదే పడిందని. ఇక అంబేడ్కర్ సంగతి. 1949 నవంబరు 25న ఘనతలో వాటా బి.ఎన్. రావుకు, ముఖ్య ముసాయిదా రచయిత ఎస్.ఎన్. ముఖర్జీకి ఆయనే స్వయంగా ఇచ్చారు. రావు పేరును అంబేడ్కర్ మీద రాయిలా విసిరేవాళ్లు ఇద్దరినీ అవమానిస్తున్నారు.

రాజ్యాంగం 1935 నాటి భారత ప్రభుత్వ చట్టానికి నకలు అనే మాటకూ బలం లేదు. పాలనా ఏర్పాట్లు చాలావరకు అందులోంచే వచ్చాయి, నిజం. కానీ వయోజనులందరికీ ఓటు, ప్రాథమిక హక్కులు, అంటరానితనం రద్దు ఆ చట్టంలో ఎక్కడున్నాయి? ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా రాశాడనేవాళ్లకు ఒకే మాట: ఆయన అందంగా చేతిరాతలో ఎత్తి రాశారు. రాజ్యాంగాన్ని జనవరి 26న ఆమోదించారన్నదీ తప్పే. ఆమోదం 1949 నవంబరు 26న, అమలు 1950 జనవరి 26న.

ఒక్క విమర్శను మాత్రం, ఇష్టం లేకున్నా, ఒప్పుకోక తప్పదు. ఆ సభను ప్రజలందరూ ఎన్నుకోలేదు. 1946లో ప్రావిన్సుల శాసనసభ్యులు ఎన్నుకున్నారు. ఆ శాసనసభలకు ఓటు వేసింది ఆస్తో చదువో ఉన్న కొద్దిమందే. సంస్థానాల ప్రతినిధులు వేరే దారిన వచ్చారు. హైదరాబాద్ సంస్థానం నుంచి ఆ సభలో ఒక్కరూ కూర్చోలేదు. తెలంగాణ ప్రజల గొంతు అక్కడ వినపడలేదు. ఇది అడగదగిన ప్రశ్న, గట్టిగా అడగండి.

అడిగే ముందు రాజ్యాంగ సభ చర్చలు తెరవండి. పార్లమెంటు వెబ్‌సైటులో ఉచితంగానే ఉన్నాయి. అన్నీ చదవలేకపోతే 1949 నవంబరు 25 నాటి అంబేడ్కర్ ప్రసంగం ఒక్కటి చదవండి. ఉపాధ్యాయులు దాన్ని తెలుగులో వివరించి తరగతిలో వినిపించాలి. అది చదివేదాకా ఆ వాట్సాప్ సందేశాన్ని ఇంకొకరికి పంపకండి.