ఏ మిషనుకు ఏ కేసు?

పాత జేబు గడియారం కొనేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ‘కేసు ఒరిజినలేనా?’ మన హెచ్‌ఎంటీ చేతి వాచీ అయితే సూటిగా జవాబు చెప్పొచ్చు, దాన్ని ఫ్యాక్టరీలోనే కేసులో బిగించి పంపేవారు. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో తయారైన వాల్తం, ఎల్జిన్ జేబు గడియారాల సంగతి వేరు. ఆ కంపెనీలు ఎక్కువగా లోపలి మిషనునే అమ్మేవి. కేసులు చేసేది కీస్టోన్, డ్యూబర్ వంటి వేరే కంపెనీలు. కొనే మనిషి నగల దుకాణంలో మిషను ఎంచుకుని, తాహతును బట్టి వెండి కేసో బంగారు రేకు తాపిన కేసో చూపిస్తే, దుకాణదారు అక్కడికక్కడే బిగించి ఇచ్చేవాడు. అందుకే మిషను నంబరు, కేసు నంబరు కలవలేదని కంగారు పడనక్కర్లేదు. ఎవరి నంబరు వాళ్లు వేసుకున్నారు. కలవాల్సింది కేసు భాగాల మీదున్న నంబర్లే: వెనక మూతదీ, లోపలి మూతదీ.

సైజులకు ఒక ఉమ్మడి లెక్క ఉండబట్టే ఒకరి మిషను ఇంకొకరి కేసులో బిగించడం సాధ్యమైంది. సైజుకూ సైజుకూ తేడా అంగుళంలో ముప్పయ్యో వంతు. 16 సైజు అంటే మిషను వెడల్పు 1.7 అంగుళాలు, దాదాపు 43 మిల్లీమీటర్లు. అలాంటప్పుడు సైజు సరిపోతే ఏ కేసైనా ఒరిజినలే కదా అని వాదించేవాళ్లున్నారు. ఆ మాట నిలవదు, ఎందుకంటే కేసు తనలో ఏ మిషను కూర్చుందో గుర్తుపెట్టుకుంటుంది. మిషనును కేసుకు పట్టి ఉంచేవి సాధారణంగా రెండు మరలు. వాటి తలలు కేసు లోపలి అంచు మీదికి వచ్చి నొక్కుకుంటాయి. ఏళ్ల తరబడి బిగించడం, విప్పడం జరిగితే ఆ అంచు మీద నెలవంకలాంటి గీత పడుతుంది. ఆ గీతలు మరల కిందే ఉంటే మంచి సూచన. పక్కన మరో జత కనిపించిందంటే అందులో ఇంతకుముందు వేరే మిషను కాపురముంది. అయితే ఒక్క జతే ఉన్నంత మాత్రాన ఒరిజినల్ అని తేలిపోదు. అదే మోడల్ మిషను ఇంకొకటి పెట్టినా మరలు అక్కడికే వస్తాయి. ఈ సాక్ష్యం కాదని చెప్పగలదు గానీ, ఔనని ప్రమాణం చేయలేదు.

మిగతా గుర్తులదీ ఇదే తీరు. ముందు మూత ఉండే గడియారాల మిషనులో కీ ఇచ్చే బుడిపె మూడు అంకె పక్కన ఉంటుంది. దాన్ని మూత లేని కేసులో పెడితే, ఉంగరం కింద పన్నెండు ఉండాల్సిన చోట మూడు వస్తుంది. ఆ రోజుల్లోనే కొందరు అలా బిగించుకున్నారు కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. ఇంకో గుర్తు రైల్వే గడియారాలది. ఒహాయోలోని కిప్టన్‌లో 1891లో రైళ్లు ఢీకొన్నాక రైల్వే గడియారాలకు కట్టుదిట్టమైన నియమాలొచ్చాయి. ముళ్లు పొరపాటున కదలకుండా, అద్దం చట్రం విప్పి డయలు అంచున ఉన్న చిన్న మీటను లాగితేనే టైము మార్చగలిగేలా చేశారు. ఆ మీట కోసం కోసిన గాడి కేసులో ఉండి, లోపల మీటే లేని మిషను ఉంటే, ఆ జత బహుశా తర్వాత కుదిర్చిందే.

‘బంగారం కోసం కేసును కరిగించేస్తే మిషను ఏం కావాలి?’ అనేది న్యాయమైన ప్రశ్న. 1934లో ఔన్సు 35 డాలర్లున్న బంగారం 1980 జనవరికి 800 దాటింది. ధర పెరిగినప్పుడల్లా కేసులు కొలిమికి పోయాయి. కేసు పోయిన మిషనుకు ఆ కాలపు, ఆ రకపు కేసు చూసి పెట్టడం మంచి పనే, దుమ్ము నుంచి దాన్ని కాపాడినట్టే. కొత్త మిషను పట్టడం కోసం పాత కేసును ఆకురాయితో అరగదీయడం మాత్రం చెయ్యకూడదు, దానితో కేసూ చెడుతుంది, సాక్ష్యమూ పోతుంది. కేసు మార్చిన సంగతి దాచి ఒరిజినల్ ధర అడగడం మోసం. కొనేముందు వెనక మూత తీయించి, భూతద్దంతో ఆ రెండు మరల చుట్టూ చూడండి. రెండో జత గీతలు కనిపిస్తే ఒరిజినల్ ధర ఇవ్వకండి.