పదిహేడేళ్ల బాలుడికి పెద్దల శిక్షా?

నెల్లికుదురు: పద్దెనిమిదేళ్లు నిండనివారు ఎంతటి నేరం చేసినా 2000 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రత్యేక గృహంలో గరిష్ఠంగా మూడేళ్లే ఉంచేవారు. 2012 ఢిల్లీ అత్యాచార ఘటనపై పెల్లుబికిన ఆగ్రహంతో 2015లో కొత్త చట్టం వచ్చింది. కనీసం ఏడేళ్ల శిక్ష పడే ఘోర నేరాల్లో 16-18 ఏళ్ల వారిని పెద్దలుగా విచారించేందుకు అది వీలు కల్పించింది. మరణశిక్ష, విడుదలకు అవకాశం లేని యావజ్జీవం మాత్రం విధించరాదు.

బాధిత కుటుంబాల వేదన కాదనలేనిది. అయితే గ్రామాల్లో ఈ నిబంధన మరోలా తగులుతోంది. ప్రేమించి ఊరు దాటిన పదిహేడేళ్ల బాలుడిపై శారీరక సంబంధం ఆరోపణతో పోక్సో కేసు నమోదైతే కనీస శిక్ష పదేళ్లు. బాలిక సమ్మతి చెల్లదు. అంటే అదీ ఘోర నేరమే.

నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు గ్రహించే శక్తి బాలుడికి ఉన్నాయా అన్నది జువైనల్ జస్టిస్ బోర్డు మూడు నెలల్లో అంచనా వేయాలి. గడిచిపోయిన రోజు నాటి మనసును తరువాత కొలవడం ఎవరి తరం? సభ్యుల్లో బాలల మనస్తత్వ శాస్త్రం చదివినవారు లేకుంటే నిపుణుల సహాయం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. మారుమూల జిల్లాల్లో అటువంటి నిపుణులు దొరకడమే కష్టం. హైదరాబాద్ జూబ్లీహిల్స్ కేసులో నలుగురు మైనర్లను పెద్దలుగా విచారించవచ్చని 2022లో బోర్డు తేల్చగా, ఒకరి విషయంలో ఆ ఉత్తర్వును 2023లో హైకోర్టు పక్కనపెట్టింది. అంతదూరం వెళ్లే స్తోమత కూలీల పిల్లలకు ఎక్కడిది? ఇంత అస్థిరమైన అంచనాను రద్దు చేసి, అందరినీ బాలల చట్టం కిందే విచారించవలసి ఉంది.

అంతవరకు బోర్డు ఉత్తర్వుపై 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా పిల్లలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని నియమిస్తుంది.