శిలలో చెక్కిన చెంగు

ప్రాచీన రోములో స్త్రీల శీలమునకు, సిగ్గుమర్యాదలకు ‘పుడికిటియా’ అని పేరు. ఆ గుణమును దేవతగా కూడ కొలిచిరి. శిల్పులు దానిని ముఖ్యముగా వస్త్రధారణతోనే చూపుట మన నేతపనివారు గమనింపదగినది. ‘స్టోలా’ యను పొడుగు అంగీపై ‘పల్లా’ యను పెద్ద వస్త్రమును తలమీదుగా కప్పుకొని, ఒక చేయి నడుమునకు అడ్డముగా నుంచి, రెండవ చేతిని గడ్డముదాక ఎత్తి చెంగు పట్టుకొన్న స్త్రీమూర్తులు అనేకము లభించినవి. కొన్నిటిలో పలుచని పైవస్త్రము క్రింద లోని మడతలు కూడ కానవచ్చును.

ఇల్లాలు ఉన్ని వడికెనని సమాధిపై చెక్కించుట వారికి గొప్ప. అగస్టసు చక్రవర్తి తరచు తన యింటి స్త్రీలు చేసిన బట్టలే ధరించెనని సూటోనియసు వ్రాసెను. కాని సంపన్నుల యిండ్లలో నిత్యము వడికినది దాసీలు. వారి మానమునకు చట్టమున స్వతంత్ర రక్షణ లేదు.

క్రీ.పూ. 296లో మరొక సంగతి జరిగినట్లు లివీ చరిత్రలో కలదు. కులీనుల యింట పుట్టి సామాన్య వర్గీయుని పెండ్లాడిన వెర్జీనియాను ఆ దేవత గుడిలో పూజకు రానీయలేదు. ఆమె తన యింటిలోనే కొంత చోటు వేరుచేసి, సామాన్య స్త్రీలకై ఆ దేవతకే వేదిక కట్టించెను.

శీలము పుట్టుకనుబట్టి రాదని ఆమె చూపినది. వస్త్రము మర్యాదకు గురుతైనచో, దానిని వడికి నేసిన చేతులకును ఆ మర్యాద చెల్లవలెనని మా మనవి.