కొత్తింటికి వచ్చిన కుందేలు పిల్ల... బెదురు తీరేదెలా?

పిల్లలు పోరు పెట్టగా పెట్టగా వాళ్ల నాన్న ఓ సాయంత్రం అట్టపెట్టెలో కుందేలు పిల్లను తెచ్చాడనుకోండి. ఇక ఆ ఇంట్లో సంబరం చెప్పాలా! ఒకరు క్యారెట్ అందిస్తారు, ఇంకొకరు నేనెత్తుకుంటానంటే నేనెత్తుకుంటానంటారు, వీధిలో పిల్లలంతా గుంపుగా దిగుతారు. ఆ చిన్న ప్రాణి మాత్రం చెవులు వీపుకు అంటించుకుని మూలన నక్కి ఉంటుంది. "ఏందక్కా ఇది, తెచ్చినప్పట్నుంచి మూల వదల్లేదు, మనిషిని చూస్తే వణుకుతా ఉండాది. జబ్బుదాన్ని అంటగట్టినారో ఏమో!" అని ఇల్లాలికి దిగులు.

చాలావరకు అది జబ్బు కాదు, భయం. అలాగని తేలిగ్గా తీసుకోకండి. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. భయంతో మేత మానేస్తే ఆ కదలిక ఆగిపోతుంది. 12 గంటలపాటు ఏమీ తినక, పెంటికలు కూడా వేయకపోతే ప్రాణం మీదికి వచ్చినట్టే. అందుకే మొదటి రోజుల్లో దాని బెదురు తీర్చడం ముద్దు కోసం కాదు, దాని ప్రాణం కోసం.

ఎందుకంత భయం?

కుందేలు వేటాడే జంతువు కాదు, వేటకు బలయ్యే జంతువు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, కానీ ముక్కు ఎదురుగా ఉన్నది మాత్రం కనిపించదు. పైనుంచి దిగే చెయ్యి దానికి గద్దలాగే తోస్తుంది. ఇళ్లలో పెంచే కుందేళ్లు ఐరోపాలో బొరియలు తవ్వుకుని బతికే జాతి సంతానం. దాక్కోవడానికి చీకటి గూడు ఉంటేనే వాటికి ధైర్యం. మన చేలగట్ల మీద దుమికే చెవులపిల్లి వేరే జాతి. అది బొరియ తవ్వదు, పొదల్లోనే ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది కాబట్టి, దాన్ని పట్టి తెచ్చి పెంచకూడదు.

మగ్గాల ఇళ్లలో జాగ్రత్త

నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు వైపు చాలా ఇళ్లకు మరమగ్గాల షెడ్డు ఆనుకునే ఉంటుంది. మనకు ఆ టకటక లేకపోతే నిద్ర పట్టదు కానీ, కుందేలు చెవికి అది పెద్ద గోల. గూడును షెడ్డుకు దూరంగా, ఇంటి లోపలి గదిలో గోడవారగా పెట్టండి. నేల మీద కాకుండా మడిచిన గోనెసంచి మీద పెడితే అదురు తగ్గుతుంది. గాలిలో తేలే దూది నుసి దాని ఊపిరికి మంచిది కాదు. మెత్తగా ఉంటుంది కదా అని నూలు వ్యర్థాలు మాత్రం గూట్లో పరవొద్దు. పోగులు కొరికి మింగితే పేగులకు అడ్డం పడతాయి. పాత న్యూస్‌పేపర్ వేసి, దాని మీద ఎండిన వరిగడ్డి పరిస్తే చాలు. దీపావళి టపాకాయలప్పుడు, జాతర డప్పుల రోజుల్లో తలుపులు వేసి దగ్గర ఉండండి.

మొదటి మూడు రోజులు

గూట్లో ఒక అట్టపెట్టెను బోర్లించి, రెండు వైపులా దారులు కోయండి. అది దాక్కుంటే దాక్కోనివ్వండి, చెయ్యి పెట్టి లాగవద్దు. మేత, నీళ్లు మార్చడానికి తప్ప ఎవరూ దగ్గరికి వెళ్లకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి. కుక్కలను, పిల్లులను ఆ గదిలోకి రానివ్వొద్దు.

నాలుగో రోజు నుంచి పొద్దున్నే, మళ్లీ దీపాలు పెట్టే వేళ, గూటి పక్కన నేల మీద కూర్చోండి. కుందేలు హుషారుగా తిరిగేది ఆ రెండు వేళల్లోనే. ఏమీ చేయొద్దు, కూరగాయలు తరుక్కుంటూ మెల్లగా మాట్లాడండి చాలు. అదే వచ్చి వాసన చూస్తుంది. అరచేతిలో రెండు కొత్తిమీర రెబ్బలు పెట్టి నేలకు ఆనించండి. తింటే నుదుటి మీద మెల్లగా నిమరండి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న మొండిపట్టు ఇక్కడ పనికిరాదు. ఒక్కోటి వారంలో దగ్గరవుతుంది, ఒక్కోదానికి రెండు నెలలు పడుతుంది.

చెవులు పట్టి ఎన్నడూ ఎత్తకండి. తప్పనిసరైతే ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకోటి వెనక భాగం కింద ఆనించి, ఒంటికి దగ్గరగా పట్టుకోండి. గింజుకుని వెనక కాళ్లతో తన్నితే దాని వెన్నుపూస విరిగే ప్రమాదం ఉంది.

మేత ఏమిటి?

క్యారెట్ కాదు, గడ్డి! దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి అరగాలంటే రోజంతా గడ్డి నమలాలి. గరిక, ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకులు బాగా కడిగి గుప్పెడు ఇవ్వొచ్చు. క్యారెట్ ముక్క ఎప్పుడైనా తాయిలంగానే. అన్నం, ఇడ్లీ, బిస్కెట్లు, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ వద్దే వద్దు. తెచ్చిన చోట ఏం తినేదో అడిగి తెలుసుకుని, మొదట అదే పెట్టి మెల్లగా మార్చండి.

ఎండలు బాబోయ్!

కుందేలు చలిని ఓర్చుకుంటుంది గానీ వేడిని ఓర్చుకోలేదు. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం. మన వేసవిలో 40 దాటే రోజులుంటాయి. రేకుల షెడ్డు కింద, మిద్దె మీద గూడు పెట్టకండి. పక్కకు పడుకోబెట్టిన మట్టికుండకు తడిగుడ్డ చుట్టి ఉంచితే, అదే అందులోకి దూరి చల్లబడుతుంది. నీళ్లు బరువైన మట్టి మూకుట్లో పోయండి. స్నానం మాత్రం చేయించొద్దు, ఆ బెదురుకే ప్రాణం పోవచ్చు.

దాని భాష

వెనక కాలు నేలకేసి దబ్బున కొడితే "ప్రమాదం" అని అర్థం. గడ్డంతో వస్తువులను రాస్తే "ఇది నాది" అంటోందన్నమాట. కాళ్లు బార్లా చాపి పక్కకు ఒరిగితే, గాల్లోకి ఎగిరి ఒళ్లు తిప్పితే సంతోషంగా ఉన్నట్టు. పళ్లు గట్టిగా కొరుకుతూ ముడుచుకుంటే నొప్పి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

మేత మానినా, విరేచనాలైనా, ముక్కు, చెవుల మీద పొక్కులు కట్టినా ఆలస్యం చేయకండి. ముందు ఊళ్లోని పశువుల ఆసుపత్రిలో చూపించండి. పెద్ద వైద్యం కావాలంటే తిరుపతిలో 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉంది. 2005లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందిదే అది. ఇంట్లో ఉన్న మాత్రలు మాత్రం వేయకండి. పెన్సిలిన్ జాతి మందులు నోట్లో పోస్తే కుందేలు చచ్చిపోవచ్చు.

చివరగా ఒక్క మాట. బాగా చూసుకుంటే కుందేలు 8 నుంచి 10 ఏళ్లు బతుకుతుంది. అయిదో తరగతి పిల్ల ముచ్చటపడి తెప్పించుకున్నది ఆమె కాలేజీకి వెళ్లే దాకా ఉంటుందన్నమాట. అన్నాళ్లూ గడ్డి వేసి, గూడు శుభ్రం చేసే పని ఎవరిదో తెచ్చే ముందే ఇంట్లో తేల్చుకోండి. లేకపోతే అది చివరికి ఎవరి నెత్తిన పడుతుందో మీకు చెప్పక్కర్లేదు కదూ!