గోల్ఫ్ ఆటలో డ్రైవరు: దూరమును అదుపును



నేను సీతాఫల్‌మండి నివాసిని. ప్రతిదినము ఉదయమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్ల నీడల వెంట తార్నాక వైపు నడచి వచ్చుట నాకు వాడుక. మొన్న, నాతో నడచు మిత్రుని యింట, ఆయన మనుమడు అమెరికానుండి తెచ్చిన గోల్ఫ్ కర్ర నొకదానిని చూచితిని. "తాతయ్యా, ఇది కొత్త డ్రైవరు. పాతదానికంటె బంతి యిరువది గజములు ఎక్కువ పోవును" అని ఆ పిల్లవాడు సంతోషముతో చెప్పెను. సేద్యము చేసి పెరిగిన నా మిత్రుడు ఆ కర్రను అటు నిటు త్రిప్పి చూచి, "దూరము పోవును సరే నాయనా, ఎక్కడికి పోవును?" అని యడిగెను. ఈ ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు విషయము.

విశాలమైన పచ్చిక బయలులో దూరముగా నున్న చిన్న గుంటలోనికి బంతిని కర్రతో కొట్టి చేర్చుటయే గోల్ఫ్. ఎవరు తక్కువ దెబ్బలతో చేర్చుదురో వారిదే గెలుపు. మన గోలకొండ కోటలోని నయా ఖిల్లాయందును ఈ ఆటకు మైదానము కలదు. పొడవైన మార్గములలో మొదటి దెబ్బకు వాడు పెద్ద కర్రకు డ్రైవరని పేరు. దారికి ఇరుప్రక్కల చెట్లు, ఇసుక గుంటలు, నీటి మడుగులు పొంచియుండును. ఒక ముఖ్య విషయమును గమనింపుడు: మూడు వందల గజముల దెబ్బయు లెక్కకు ఒక్కటే, గుంట యొడ్డున కొట్టు మూడడుగుల దెబ్బయు ఒక్కటే.

పూర్వము డ్రైవరు తలను పెర్సిమ్మన్ అను చెట్టు కొయ్యతో చేసెడివారు. మనకు బీడీ ఆకు నిచ్చు తునికి చెట్టు దానికి దాయాది. 1979లో టేలర్‌మేడ్ అను సంస్థ ఉక్కుతో బోలుగా చేసిన తలను తెచ్చెను. 1990 తరువాతి దశకమున టైటానియమను లోహము వాడుకలోనికి వచ్చెను. ఇది ఉక్కుకంటె తేలిక, బలమున తీసిపోదు. కావున బరువు పెంచకయే తలను పెద్దది చేయగలిగిరి. దీనివలన రెండు లాభములు కలిగెను.

మొదటిది వేగము. బంతి కర్ర ముఖమునకు తగిలియుండు కాలము సుమారు సెకండులో రెండువేలవ వంతు మాత్రమే. ఆ లిప్తలో పలుచని లోహపు ముఖము కొంచెము లోనికి వంగి మరల పైకి లేచును. అందుచే బంతి తక్కువ నలగును. శక్తి తక్కువ వృథా యగును. అయితే ఆటకు నియమములు చేయువారు ఈ గుణమునకు హద్దు పెట్టిరి. 2004లో తల పరిమాణమునకు 460 ఘన సెంటీమీటర్లు, కర్ర పొడవునకు 48 అంగుళములు హద్దుగా నిర్ణయించిరి. 2022 నుండి ఉద్దండుల పోటీలలో పొడవును 46 అంగుళములకు తగ్గించుటకు వీలు కల్పించిరి. కావున ముఖము నడుమ సరిగా తగిలిన దెబ్బలో, ఇరువది యేండ్లనాటి మంచి డ్రైవరునకును నేటిదానికిని దూరమున భేదము స్వల్పము.

రెండవ లాభము క్షమ. కావడి మోయువానిని తలచుకొనుడు. బరువు రెండు చివరల నుండుటచే కావడిని ఒక్కసారిగా ప్రక్కకు త్రిప్పుట కష్టము. అట్లే నేటి డ్రైవరులందు బరువును నడుమనుండి అంచులకు చేర్చిరి. బంతి నడుమ గాక ప్రక్కను తగిలినను తల మెలిదిరుగుట తగ్గును. దూరపు నష్టమును తగ్గును. ఆ పిల్లవాడు చెప్పిన యిరువది గజములు చాలవర కిట్లు లభించినవే.

ఇక నా మిత్రుని ప్రశ్నకు వత్తము. బంతి బయలుదేరు దిక్కును ముఖ్యముగా నిర్ణయించునది, తాకిన క్షణమున కర్ర ముఖము చూచు దిక్కు. ఆ ముఖము ప్రక్కకు చూచినచో ఏ లోహమును దానిని సరిదిద్దజాలదు. నాగటి చాలు మొదట కొంచెము వంకరపోయిన, గట్టు చేరుసరికి ఎంత దూరము తొలగునో మీ రెరుగుదురు. మూడు డిగ్రీల తప్పు 200 గజముల దూరమున పది గజములు దాటును. 300 గజముల దూరమున పదునైదు దాటును. బంతి గిరగిర తిరిగి దారి వంగిన ఆ తప్పు ఇంకను పెరుగును. పైగా కర్ర పొడవైన కొలది వడి హెచ్చును గాని, నడుమ తగులుట తగ్గును. పొడవైన వడిసెలతో గురి కుదురుట కష్టము కదా.

మన తెలుగువారి బిడ్డ యొకడు దీనికి సాక్ష్యము. హైదరాబాదునుండి వెళ్లిన తల్లిదండ్రులకు 1997లో కాలిఫోర్నియాలో జన్మించిన సాహిత్ తీగల, అమెరికాలోని ప్రధాన పోటీలలో ఆడుచున్నాడు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ పోటీ చివరి దినమున 17వ మార్గము 332 గజములు. గట్టిగా కొట్టిన మొదటి దెబ్బతోనే గుంట యున్న పచ్చిక తిన్నెను చేరవచ్చును. అతడు సాహసించెను. బంతి నేలపై నొక మిట్టను తాకి ఎడమకు దొరలి నీట పడెను. ఒక్క దెబ్బ తేడాతో అతడు వెనుకబడెను. అదే సంవత్సరము జూనులో ట్రావెలర్స్ పోటీలో ఒక్క దెబ్బ ముందంజతో చివరి మార్గమునకు వచ్చెను. మొదటి దెబ్బ ఇసుక గుంటలో పడెను, దానినుండి వెలువడుటకు రెండు దెబ్బలు పట్టెను, గెలుపు చేజారెను. అయినను అతడు నిరాశ చెందలేదు. 2023 సెప్టెంబరులో నాపా పట్టణమున ఫోర్టినెట్ పోటీని రెండు దెబ్బల తేడాతో గెలిచెను.

కావున మీ పిల్లలు ఈ ఆట ఆడువారైనచో, కొత్త కర్ర కొనుటకు ముందు ఒక పరీక్ష చేయుమని చెప్పుడు. పాత కర్రతో ఇరువది బంతులు, కొత్తదానితో ఇరువది బంతులు కొట్టవలెను. అతి దూరము పోయిన ఒక్క బంతిని గాక, దారిలో నిలిచిన బంతుల నన్నిటిని లెక్కింపవలెను. పిమ్మట కర్రను ఒక అంగుళము క్రిందుగా పట్టుకొని మరల కొట్టి చూడవలెను. కొన్ని గజములు తగ్గినను, దారిలో నిలుచు బంతులు పెరిగినచో అదియే లాభము.

నా మిత్రుని మనుమడు మొన్న ఆదివారము ఈ లెక్క వేసికొని వచ్చెను. కొత్త కర్రనే ఉంచుకొనెను. పట్టు మాత్రము క్రిందికి దించుకొనెను.