గాజు తొట్టెలో పగడపు తోట

అమెరికాలోని అనేక నగరములలో, ఇంటిలో ఉప్పునీటి తొట్టె పెట్టుకొని అందులో పగడములను పెంచువారి సంఘములు ఉన్నవి. నెలకొక పర్యాయము ఒక సభ్యుని ఇంటనో, గ్రంథాలయములోని ఒక గదిలోనో వీరు సమావేశమగుదురు. క్రొత్తగా చేరినవాడు వచ్చి, తాను మొన్ననే తొట్టె కొంటిననియు, నీరు పోసి ఉప్పు కలిపితిననియు, నీరు అద్దమువలె తేటగా ఉన్నదనియు చెప్పి, "ఈ ఆదివారము చేపలు తెచ్చుకొనవచ్చునా?" అని అడుగును. పాత సభ్యులు ఒకరి ముఖమొకరు చూచుకొని నవ్వుదురు. వారును ఒకనాడు ఇదే ప్రశ్న అడిగినవారే. అడుగకయే చేపలు తెచ్చి చంపుకొన్నవారు కూడ వారిలో ఉందురు. "ఇంకొక నెల ఆగండి" అని సమాధానము వచ్చును.

చేపలు లేని తొట్టె ముందు నెల దినములు కూర్చుండుట ఎందులకు? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో ఈ విద్యలో సగము తెలిసినట్లే.

చేప ఊపిరి తీయునప్పుడు దాని మొప్పలనుండి అమ్మోనియా వెలువడును. తినగా మిగిలిన మేత కుళ్లినను అదియే పుట్టును. సముద్రములో ఇది లెక్కకు రాదు. కాని వంద లీటర్ల తొట్టెలో రెండు మూడు దినములలోనే చేపకు ప్రాణాంతకము కావచ్చును. పైగా సముద్రజలము కొంచెము క్షారగుణము కలది. క్షారము హెచ్చిన కొలది అమ్మోనియాలో విషరూపమున ఉండు భాగము హెచ్చును. కనుక మంచినీటి తొట్టెలో ఓర్చుకొనదగిన అమ్మోనియా ఉప్పునీటి తొట్టెలో చంపగలదు. అప్పుడును నీరు తేటగానే కనిపించును! నీటి తేటదనమునకు, దాని మంచిచెడ్డలకు సంబంధము లేదని గ్రహించుటయే ఇచ్చట మొదటి పాఠము.

ఈ విషమును విరుచునవి రెండు తెగల సూక్ష్మజీవులు. మొదటి తెగ అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చును. రెండవ తెగ నైట్రైట్‌ను, అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చును. నేలలో ఈ పని చేయు సూక్ష్మజీవులను 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు వేరుచేసి చూపెను. మన పొలములలో పశువుల ఎరువు పైరుకు అందునట్లు చేయునవి కూడ ఈ జాతివే. ఇవి మహా నిదానస్థులు. పాలను పులియబెట్టు సూక్ష్మజీవులు గంటలోపుననే ఒకటి రెండు కాగలవు. వీటికి అనేక గంటలు, ఒక్కొక్కప్పుడు ఒక దినమునకు పైగా పట్టును. అందుచేత క్రొత్త తొట్టెలో రాళ్ల మీదను, ఇసుక మీదను ఇవి చాలినంతగా వ్యాపించుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు కావలెను. అంతవరకు చేపలు లేకుండ, చిటికెడు మేతనో కొలతగా అమ్మోనియానో వేసి, వారమునకు రెండు పర్యాయములు నీటిని పరీక్షించుదురు. గాజు గొట్టములోని నీటిలో మందు చుక్కలు వేసి రంగు చూచుట, అంతే. మొదట అమ్మోనియా పెరిగి తగ్గును. తరువాత నైట్రైట్ పెరిగి తగ్గును. రెండును లేవని రంగు చెప్పిన దినమున ఒక్క చేపను, రెండు కాదు, ఒక్కదానినే తెచ్చుకొనవచ్చును.

ఇక సంఘము ఎందులకు? మన ఇండ్లలో పాలు తోడు పెట్టుట అందరకు తెలిసినదే. పెరుగు లేనినాడు ప్రక్కింటికి గిన్నె పంపి తోడు తెచ్చుకొందుము. సంఘములో జరుగునది సరిగా అదియే. పాత సభ్యుడు తన తొట్టెలోని పిడికెడు ఇసుకనో, ఒక రాతి ముక్కనో తడి ఆరకుండ నీటిలో పెట్టి క్రొత్తవానికి ఇచ్చును. ఆ రాతి సందులలో సూక్ష్మజీవులు, పురుగులు, గుల్లలు కోట్లాదిగా కాపురముండును. దీనిని 'సజీవశిల' అందురు. ఇండొనేషియాలోని జకర్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ యంత్రములేవియు లేకుండ, సజీవశిలలతోను గాలిబుడగలతోను తొట్టెలో పగడములను నిలుపు పద్ధతిని 1961లో ఒక అమెరికా పత్రికలో వివరించెను. నేడు పలువురు ఎండు రాతితోనే ఆరంభింతురు. కనుక తోడు అవసరము మరింత హెచ్చినది. అయితే తోడు వేసినంత మాత్రమున పాలు ఆ క్షణముననే పెరుగు కానట్లు, రాయి వేసిననాడే తొట్టె సిద్ధము కాదు. పరీక్ష మానరాదు.

క్రొత్తవారు చేయు పొరపాట్లు మరికొన్ని ఉన్నవి. వంట ఉప్పు కలిపిన నీరు సముద్రజలము కాదు; మెగ్నీషియము, ఖటికము మొదలగునవి తగు పాళ్లలో ఉన్న ప్రత్యేక లవణమును లీటరుకు సుమారు 35 గ్రాముల వంతున, శుద్ధిచేసిన నీటిలో కలుపవలెను. తొట్టెలో నీరు ఇగిరి తగ్గినప్పుడు మరల ఉప్పునీరు పోయుదురు. ఇది తప్పు. ఇగిరినది నీరే గాని ఉప్పు కాదు గదా! మంచినీరే పోయవలెను. "నాకు అనుభవము లేదు గనుక చిన్న తొట్టెతో మొదలుపెట్టెదను" అను మాట కూడ వినుటకు బాగుండునే గాని, నీరు ఎంత తక్కువైన అంత త్వరగా వేడెక్కును, అంత త్వరగా ఉప్పు తేరును. అనుభవము లేనివానికి పెద్ద తొట్టెయే తేలిక. చేపల జబ్బుకు వాడు రాగి మందు పగడముల తొట్టెలో పడినచో చేప బ్రతుకునేమో గాని పగడములు, రొయ్యలు చచ్చును. రాగి పాత్రలతో నీరు ముంచుట కూడ మానవలెను.

ఇప్పుడు పగడముల సంగతి. పగడపు పురుగు అనుట వాడుకయే గాని అది పురుగు కాదు. జెల్లీచేపకు దగ్గరి చుట్టము. మెత్తని గొట్టమువంటి శరీరము, పైన నోరు, నోటి చుట్టును తంతువులు. నీటిలోని ఖటికముతో తన అడుగున సున్నపురాతి గూడు కట్టుకొనును. దాని శరీరములో కంటికి కనబడని నాచు కణములు నివసించును. ఇవి వెలుతురులో ఆహారము తయారుచేసి అందులో పెద్ద భాగమును పగడమునకు ఇచ్చును. అందుచేతనే వీటికి మంచి దీపము కావలెను. అందుచేతనే నీరు ఎక్కువ వేడెక్కినచో నాచు వెడలిపోయి పగడము తెల్లబారును. తొట్టెను 24 నుండి 27 డిగ్రీల నడుమ ఉంచుదురు.

మందార కొమ్మ విరిచి నాటినట్లే పగడపు కొమ్మను కూడ విరిచి నాటవచ్చును. చిన్న ముక్కను కోసి బిళ్లమీద జిగురుతో అంటించిన, కొన్ని నెలలలో బిళ్ల నిండి పైకి లేచును. సంఘముల సమావేశములలో సందడి అంతయు ఈ ముక్కల మార్పిడియే. కొన్నిచోట్ల ఒక మంచి నియమము కలదు: ముక్కను ఉచితముగా పుచ్చుకొన్నవాడు అది పెరిగిన పిమ్మట దాని ముక్కలను మరి కొందరకు ఉచితముగానే ఈయవలెను. దీనివలన లాభము ధనము మిగులుట మాత్రమే కాదు. ఒక రాత్రి విద్యుత్తు పోయి తొట్టె అంతయు చచ్చినను, ఆ పగడపు ముక్కలు నలుగురి ఇండ్లలో బ్రతికియుండును. ఇచ్చినవాడే తిరిగి పుచ్చుకొనవచ్చును. సముద్రమునుండి మరియొక కొమ్మ విరువనక్కరలేదు.

ఇది చదివి మన వారెవరైనను సముద్రమునకు పోయి పగడము తెచ్చుకొనవలెనని తలంపరాదు. రాతి పగడములు 2001 నుండి మన వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరియున్నవి. వాటిని తీయుట, అమ్ముట నేరము.

అందమైన వానిలో అపాయకరములు కూడ కలవు. గుండీలవలె గుంపుగా పెరుగు జోయాంథిడ్ అను మెత్తని జీవులలో కొన్నిట పాలిటాక్సిన్ అను భయంకర విషము ఉన్నది. దీనిని 1971లో హవాయిలోని శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. రాతిమీద ఇవి అక్కరలేకుండ పెరిగినవని కొందరు రాతిని వేడినీళ్లతో కడుగుదురు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లపాది ఆసుపత్రి పాలైన సందర్భములున్నవి. 2012–2014 నడుమ అలాస్కాలో, ఇండ్లలోను అక్వేరియం దుకాణములోను, ఈ జీవులున్న రాళ్ల వలన పలువురు జబ్బుపడిరని అమెరికా ఆరోగ్యశాఖవారి నివేదికలో కలదు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దములు పెట్టుకొనవలెననియు, రాతిని ఎన్నడును ఉడికింపరాదనియు మొదటి సమావేశముననే చెప్పు సంఘము మంచి సంఘము. దుకాణదారు ఈ మాట చెప్పునని నమ్మరాదు.

వేడుక తీరినవారి మాట ఒకటి మిగిలినది. పెంచలేక, చంపుటకు మనసొప్పక, జీవులను సముద్రములో వదలువారు కలరు. అది దయవలె కనిపించును. హిందూ, పసిఫిక్ మహాసముద్రముల నివాసియైన విషపు ముండ్ల సింహపు చేప 1985లో ఫ్లోరిడా తీరమున కనిపించెను. అక్వేరియములనుండి వదలినవే దీనికి మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఇప్పుడది కరీబియన్ సముద్రమంతయు వ్యాపించి అక్కడి చిన్న చేపలను మింగుచున్నది. అక్వేరియములలో పెంచు కాలెర్పా అను నాచు 1984లో మొనాకో తీరమున ఒక చదరపు మీటరు మేర కనిపించి, తరువాత మధ్యధరా తీరముల వెంట ప్రాకినది. 2000లో కాలిఫోర్నియాలోని ఒక ఉప్పుటేటిలో అదియే కనబడగా, పైన పట్టలు కప్పి, లోపల క్లోరిన్ మందు వేసి, 2006 నాటికి నిర్మూలించిరి.

సంఘములో ఉన్నవాడు అట్టి పని చేయనక్కరలేదు. ఊరు విడిచిపోవుచున్నానని సభ్యులకు ఒక మాట చెప్పిన చాలును. శనివారము నాడు పది మంది బకెట్లతో వత్తురు. చేపలను ఒకరు, పగడములను ఒకరు, దీపమును మరియొకరు తీసికొందురు. అడుగున మిగిలిన తడి రాళ్లు, నెల దినములుగా ఖాళీ తొట్టె ముందు కూర్చున్న క్రొత్త సభ్యుని ఇంటికి పోవును.